లేదనుట పాపమా?

అనంతపుర సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు నమ్మరానిది. కావుననే అచటి రైతు విత్తనపు వేరుసెనగ కాయలను వేరుగా కట్టి దాచును. కరవునాడు బంధువు వచ్చి ఆ మూటనే యాచించినచో లేదనుట పాపమా?

భాగవతాష్టమస్కంధమున శుక్రాచార్యులు బలికి చేసిన హితవు కలదు: ధర్మము, కీర్తి, అర్థవృద్ధి, భోగము, స్వజనము అని విత్తమును ఐదు పాళ్లు చేసికొన్నవాడు ఇహపరములందు సుఖించును. బలి వినలేదు, సర్వమిచ్చెను, స్వామి యనుగ్రహించెను. మరి గురువాక్యము వ్యర్థమా యని భక్తులు శంకింతురు. బలి అప్పటికే మాట యిచ్చియుండెను; ఇచ్చినది తన సొత్తు. విత్తనపు మూటయో, రేపటి పంటపై బ్రతుకవలసిన పిల్లలది. అడిగినవానియందు హరి కలడందురా, అడుగనేరని పసివారియందును కలడు.

ఇల్లాలి ఓపికయు విత్తనము వంటిదే. జ్వరముతో నున్న ఆమెను యాత్రికుల వంటకై లేపుట అతిథిపూజ కానేరదు. మొగమాటమును దయ యని భ్రమించుట మన యిండ్లలో మెండు.

లేదనుటకును మర్యాద కలదు. వచ్చినవానిని కూర్చుండబెట్టి, ఉన్న సంకటి పెట్టి, విత్తనము ఈయజాలనని ఆనాడే చెప్పవలెను. రేపు రమ్మని త్రిప్పరాదు.