చూపు కూడ ఆహారమే

గడచిన కాలమును తలచుకొని నిట్టూర్చుట మానవస్వభావము. 1990 ప్రాంతములలో బాల్యము గడపినవారు నేడు తల్లిదండ్రులైనారు. బిడ్డ చేతిలోని చిన్న తెరపై తుపాకులు ప్రేలుచుండుట, నెత్తురు చిందుచుండుట చూచి, "మా చిన్ననాటి వినోదము లెంత నిర్మలముగా నుండెడివి!" అని వారు వాపోవుచున్నారు. ఈ వేదన నిజమైనదే. కాని వేదన నిజమైనంతమాత్రమున దానికి చెప్పుకొను కారణము కూడ నిజము కానక్కరలేదు. పోయిన వస్తు వేదియో తెలియనిదే దానిని వెదకుట యెట్లు?

ఆనాటి వినోదము నిజముగా నిర్మలమైనదేనా? తెలుగునాట 'శివ' చిత్రము 1989లో విడుదలయ్యెను. అందు నాయకుడు సైకిలు గొలుసును త్రెంచి ఆయుధముగా పట్టిన దృశ్యము ఒక తరము యువకుల మనస్సులలో నాటుకొనిపోయినది. ప్రత్యర్థిని క్రూరముగా వధించుటయే విజయముగా చూపిన 'మోర్టల్ కోంబాట్' అను వీడియో ఆట 1992లో వెలువడెను. 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్' బాలుర కెంతయో ప్రియమైనది. అయినను ఆ వీరుడు వచ్చి రక్షించునను నమ్మకముతో పిల్లలు ప్రమాదములు కొనితెచ్చుకొనుచున్నారని ఆనాడే ఆందోళన బయలుదేరినది. హింస నేడు పుట్టినది కాదు. మన జ్ఞాపకము దానిని కడిగివేసి, తీపిని మాత్రము దాచుకొన్నది.

మరి పోయిన దేమి? ఆనాడు ఇంటి కొక టెలివిజన్. కొన్నియెడల వీధికంతటికి నొకటే. దాని ముందు తాతయు, అమ్మమ్మయు, ప్రక్కయింటివారును కలిసి కూర్చుండెడివారు. 1988నుండి 1990వరకు ప్రసారమైన 'మహాభారత్' ధారావాహికలో యుద్ధమునకు కొదవలేదు. కాని భీముని ప్రతిజ్ఞ విని బెదరిన బిడ్డ, "తాతా, భీముడట్లు చేయవచ్చునా?" అని అడుగుటకు ప్రక్కనే ఒకరుండిరి. ఆ ప్రశ్నయు, దానికి వచ్చిన సమాధానమును ఆ వినోదములో అంతర్భాగములు. 2020 మార్చి 28నుండి ఆ ధారావాహికను మరల ప్రసారము చేసినప్పుడు అనేక కుటుంబములు పూర్వపు మాధుర్యమును మరల చవిచూచినవి. అందులకు ధారావాహిక ఎంత కారణమో, నిర్బంధకాలమున అందరును ఇంటనుండుటయు నంత కారణము.

ఛాందోగ్యోపనిషత్తున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశములో ఆహారశుద్ధివలన సత్త్వశుద్ధి కలుగునని యున్నది. ఇచ్చట ఆహారమనగా అన్నము మాత్రమే కాదనియు, ఇంద్రియములద్వారా లోనికి గొనిపోబడు శబ్దరూపాది విషయములన్నియు ఆహారమే యనియు శంకరాచార్యుల వ్యాఖ్యానము. రామానుజులు దానిని భుజించు అన్నపరముగా గ్రహించిరి. వివేకానందస్వామి తమ 'భక్తియోగము'న ఈ రెండర్థములను పరిశీలించి, రెండును అవసరమే యనిరి. పాలలో నలక పడెనేమోయని పరీక్షించు తల్లి, బిడ్డ కన్నులలో పడుచున్నదానిని పరీక్షింపకుండుట న్యాయమా?

ఆధునిక మనశ్శాస్త్రము కూడ ఈ విషయమును స్పృశించినది. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బండూరాయు, ఆయన సహచరులును చిన్నపిల్లల యెదుట ఒక పెద్దమనిషిచే గాలిబొమ్మను కొట్టించిరి. ఆ దృశ్యమును చూచిన పిల్లలలో ననేకులు ఆ చేష్టలనే అనుకరించిరి. 1965లో బండూరా ప్రకటించిన మరొక పరిశోధనలో, కొట్టినవాడు శిక్షింపబడుట చూచిన పిల్లలు తక్కువగా అనుకరించిరి. కాని చూచినది చేసి చూపినచో బహుమాన మిత్తుమనగనే వారును ఇతరులతో సమానముగా చేసిరి. బొమ్మను కొట్టిన బిడ్డ పెరిగి మనుష్యుని కొట్టునని దీనివలన తేలదు. ఆ విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. అయినను ఒకటి స్పష్టము: చేయనంతమాత్రమున నేర్వలేదని కాదు. చూపు లోపల నిలిచియుండును. ఫలము తెలిసిన చూపు చేతిని వెనుకకు లాగును.

ఈ భేదమును తెలిసికొనుటకు కలకత్తాకు దిగువను హుగ్లీ తీరముననున్న బడ్జ్ బడ్జ్ పట్టణమును చూడవచ్చును. పాశ్చాత్యదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి 1897 ఫిబ్రవరిలో వంగభూమిపై అడుగిడిన రేవుగా అది పాఠకులకు పరిచితమే. ఆ రేవే 1914 సెప్టెంబరు 29న రక్తసిక్తమైనది. కెనడాలో ప్రవేశము దొరకక తిరిగివచ్చిన 'కోమగాట మారు' ఓడ ప్రయాణికులపై ఆనాటి ప్రభుత్వపు బలగములు అచ్చట కాల్పులు జరిపినవి; ఇరువదిమందివరకు ప్రాణములు కోల్పోయిరి. వారి స్మారకస్తంభమును 1952లో జవహర్‌లాల్ నెహ్రూ ఆవిష్కరించిరి. ఆ స్తంభమును చూపి తండ్రి కుమారునకు చెప్పు కథయు హింసాకథయే. కాని అందు చనిపోయినవారికి ఊరున్నది, ఇల్లున్నది, ఎదురుచూచిన తల్లియున్నది. అది విన్న బాలుడు తుపాకిని ప్రేమింపడు.

బడ్జ్ బడ్జ్ చేరియున్న దక్షిణ 24 పరగణాల జిల్లాకు కేంద్రము అలీపూర్. అచ్చటి కారాగారమున 2004 ఆగస్టు 14న ధనంజయ్ చటర్జీ అను ఖైదీని ఉరితీసిరి. అంతకుముందు అనేకదినములు ఆ శిక్షను గూర్చిన వివరములే పత్రికలలోను, టెలివిజన్‌లోను నిండిపోయినవి. పిదప దేశములో కొందరు పిల్లలు దానిని ఆటగా అనుకరింపబోయి మరణించినట్లు వార్తలు వచ్చినవి. వారు చూచినది కల్పితకథ కాదు, పెద్దలు చూచిన వార్తయే. పిల్లల వినోదములను మాత్రమే నిందించు పెద్దలు ఈ సంగతిని మరువరాదు. ఇంటిలో వార్త మ్రోగుచుండెను. మృత్యు వాట కాదని బిడ్డకు చెప్పవలెనని ఎవరికిని తోచకపోయెను.

మన ఇతిహాసకర్తలకు ఈ రహస్యము తెలియును. భారతమున సౌప్తికపర్వములో అశ్వత్థామ నిద్రించుచున్న ఉపపాండవులను వధించును. కథ అంతటితో ముగియదు. వెంటనే స్త్రీపర్వము వచ్చును. రణభూమిలో గాంధారి శోకమును విననిదే శ్రోతకు ముందునకు దారిలేదు. తిక్కన తెలుగుచేసిన ఈ పర్వములను మన పల్లెలలో పురాణకాలక్షేపముగా విన్న తరములు యుద్ధమును వినిరి, యుద్ధముచే కలుగు ఏడ్పును కూడ వినిరి. ఆయుధమును చూపి అశ్రువును దాచు కథయే బిడ్డకు హానికరము.

ఇంతమాత్రమున, ప్రక్కన కూర్చున్నచో దేనినైనను చూపవచ్చునని భావింపరాదు. పసివాని జీర్ణశక్తికి మించిన అన్నమును తల్లి తన చేతితో పెట్టినను అది అజీర్ణమే. అందుకే వయస్సునుబట్టి చిత్రములను వర్గీకరించు నిబంధనలు ఏర్పడినవి. అంతర్జాలప్రసారములకు 2021నాటి నియమములు ఏడు, పదమూడు, పదునారేండ్ల మెట్లను నిర్ణయించి, తల్లిదండ్రులకు తాళపుచెవి నిచ్చినవి. అవి మేలైనవే. కాని తాళము తలుపును మూయగలదు గాని, బిడ్డ ప్రశ్నకు బదులు చెప్పజాలదు. దినమంతయు శ్రమించి వచ్చిన తల్లిదండ్రులు, ఏడ్చు బిడ్డ చేతికి ఫోను నిచ్చుట దుష్టత్వము కాదు, అలసట. ఆ అలసటకు బిడ్డ చెల్లించు మూల్యమును మాత్రము వారు గుర్తింపవలెను.

కావున పోయిన కాలపు కార్యక్రమములను గూర్చి విలపింప నక్కరలేదు. అవి నేడును ఫోనులోనే దొరకును. వానిని ఒంటరిగా చూచు బిడ్డకు ఆ బాల్యము లభింపదు. లభింపవలసినది ప్రక్కన ఒక మనిషి, అడుగుటకు చనువు, ఓర్పుతో కూడిన సమాధానము. ఇవి ఏ దశాబ్దమునకును చెందిన సొత్తు కావు. దినమున అరగంట తన పనిని ప్రక్కకు పెట్టి బిడ్డ చెంత కూర్చుండు తల్లి, తండ్రి, తాత వానిని నేటి సాయంకాలమే తిరిగి తేగలరు.