దిల్, దిమాగ్, మనసు

"ఆవేశపడొద్దు, కాస్త ఆలోచించి మాట్లాడండి." మేము ఎక్కువసార్లు విన్న సలహా ఇదే. చాయ్ హోటల్లో విన్నాం, రైలు పెట్టెలో విన్నాం, మేము పనిచేసే పత్రిక డెస్కు దగ్గరా విన్నాం. మా ఇళ్ళల్లో పెద్దలు కూడా జోష్ వద్దు, హోష్‌లో ఉండమంటారు. గుండె ఒక గదిలో, బుర్ర ఇంకో గదిలో కాపురం ఉంటున్నట్టు, మధ్య తలుపుకు గొళ్ళెం పెడితే మనిషి బాగుపడతాడన్నట్టు ఉంటుంది ఈ సలహా. నిజంగా అవి రెండు గదులేనా?

మేము రెండు భాషల్లో బతుకుతున్నవాళ్ళం. ఉర్దూలో దిల్ వేరు, దిమాగ్ వేరు. అయినా ఏదైనా సంబంధం నచ్చకపోతే మా అమ్మీ 'దిల్ నహీ మాన్తా' అంటుంది. అంటే దిల్ కూడా వాదన విని, తూచి, ఒప్పుకోనంటున్నదన్నమాట. తెలుగులో ఆ పంపకమే లేదు. 'మనసులో అనుకున్నాం' అన్నా, 'మనసు నొచ్చుకుంది' అన్నా ఒకటే మనసు. అనుకునేదీ అదే, నొచ్చుకునేదీ అదే. ఖురాన్‌లో సైతం అర్థం చేసుకునే పనిని హృదయాలకు అప్పగించిన చోటు ఉంది.

మెదడు శాస్త్రం కూడా ఇదే దారికి వచ్చింది. ఆంటోనియో డమాసియో అనే నాడీ వైద్యుడు 1994లో అచ్చయిన తన పుస్తకంలో, మెదడు ముందుభాగం దెబ్బతిన్న రోగుల గురించి రాశాడు. వాళ్ళ తెలివి చెక్కుచెదరలేదు, ఉద్వేగం మాత్రం మొద్దుబారింది. గుండె అడ్డు తొలగింది కాబట్టి గొప్పగా ఆలోచించాలి కదా! అలాంటి ఒక రోగి, మళ్ళీ రావడానికి రెండు తేదీలిస్తే, ఏది మంచిదో తేల్చుకోలేక దాదాపు అరగంట లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. ఏది ముఖ్యమో చెప్పేది ఉద్వేగమే. అది చెప్పకపోతే ఆలోచనకు ఎక్కడ ఆగాలో తెలియదు.

అలాగని గుండె చెప్పిందల్లా నిజమనీ కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2012లో ఆఫీసుకు దగ్గరగా ఉంటుందని మూసీకి ఇవతల అద్దె ఇల్లు వెతికాం. ఒక ఇల్లు నచ్చింది. అద్దె కుదిరింది, అడ్వాన్సు మాటా అయింది. ఇంటాయన తెలుగు విని మురిసిపోయాడు కూడా. చివర్లో పేరు అడిగాడు. చెప్పాం. ఒక్క క్షణం మౌనం. ఆ తర్వాత ఆయనకు కారణాలు దొరికాయి. వంట వాసన, చుట్టాల రాకపోకలు, పై వాటాలో ఉండే ముసలి తల్లి. "ఏమీ అనుకోకండి, అన్నీ ఆలోచించుకోవాలి కదా" అన్నాడు.

ఆయన అబద్ధమాడాడని మేము అనుకోవడం లేదు. తాను ఆలోచించాననే ఆయన నమ్మకం. కానీ భయం ముందొచ్చింది, కారణాలు దాని వెనక వకీళ్ళలా వచ్చాయి. ఆ ఒక్క క్షణం మౌనంలోనే మాకూ జవాబు తెలిసిపోయింది. అప్పుడు మాలో లేచిన కోపం ఆలోచన లేనిది కాదు. ఎన్నో గుమ్మాల దగ్గర నేర్చుకున్న పాఠం అది. అయినా ఆ గుమ్మంలో ఆవేశపరుడన్న పేరు మాకే వచ్చేది, వివేకవంతుడన్న పేరు ఆయనకే మిగిలేది.

ఆయన్ని బోనులో నిలబెట్టి మేము తప్పించుకోలేం. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీలో ఎందరో యువకుల్ని పోలీసులు పట్టుకుపోయారు. మా గల్లీ కుర్రాడొకణ్ణి కూడా తీసుకుపోయారు. వాళ్ళ అమ్మను మేము ఆపా అని పిలిచేవాళ్ళం. ఈద్‌కు వాళ్ళింటి షీర్‌ఖుర్మా తాగినవాళ్ళం. అయినా ఆ ఇంటి గడప తొక్కలేదు. కొత్త ఉద్యోగం, ఇంట్లో ముసలివాళ్ళు, పత్రికలో ఉన్నవాళ్ళం కాబట్టి జాగ్రత్త అవసరం అనుకున్నాం. అన్నీ ఆలోచించుకోవాలి కదా అనుకున్నాం. ఆ ఇంటాయన వాడిన మాటే, ఆయనకంటే ఐదేళ్ళ ముందు!

పట్టుకుపోయినవారిలో పలువుర్ని తర్వాత కోర్టు నిర్దోషులని వదిలేసింది. ఆ కుర్రాడూ ఇంటికి వచ్చాడు. అప్పుడు వెళ్ళాం. ఆపా నిందించలేదు, చాయ్ ఇచ్చింది. "ఏమీ చెయ్యకపోయినా ఫర్వాలేదు భాయ్, ఒకసారి వచ్చి కూర్చుంటే బాగుండేది" అంది. ఆ రోజుల్లో మేము ఆలోచన అని పేరు పెట్టుకున్నది భయమేనని ఆ మాటతో తెలిసింది.

భయం కలగడం నేరం కాదు. అడగకుండా వచ్చే చుట్టం అది. గుమ్మంలో నిలబెట్టి, నీ పేరేమిటి, ఎక్కడినుంచి వచ్చావు అని అడగడం మాత్రం మన బాధ్యత. ఇందుకు మేము ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. మనం చెప్పే కారణంలో పేరు మార్చి చూడటమే. అద్దెకు వచ్చిన మనిషి పేరు ఇంకొకటైతే ఆ వంట వాసన గుర్తొచ్చేదా? పోలీసులు తీసుకుపోయింది మా చెల్లెలి కొడుకునైతే మేము అంతసేపు ఆలోచించేవాళ్ళమా? పేరు మారగానే పడిపోయే కారణం ఆలోచన కాదు, ముసుగేసుకున్న భయం.

ఇప్పటికీ ఆలోచించి మాట్లాడమనేవాళ్ళు ఉన్నారు. మంచిదే, ఆలోచిద్దాం. మీరూ మేమూ కలిసి, ఎవరి మనసులో ఏముందో దాచుకోకుండా ఆలోచిద్దాం.