నొప్పి, బాధ, హిప్నాసిస్

రెండేళ్ళుగా కడుపునొప్పితో తిరుగుతున్నాను. ఎండోస్కోపీ, కొలొనోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. (యూజర్ మొత్తుకుంటుంటే "మా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే" అని నేనూ చాలామందికి జవాబిచ్చాను. ఆ పాపమేమో!) చివరికి డాక్టరుగారు ఐబీఎస్ అని తేల్చి, మందులతోపాటు హిప్నోథెరపీ కూడా ప్రయత్నించమన్నారు. నాకు ఒళ్ళు మండింది. అంటే ఇదంతా నేను ఊహించుకుంటున్న నొప్పి అనేగా?

అమ్మ భయం వేరు. "ఎవరో కళ్ళలోకి చూసి ఆడిస్తే ఆడతావట్రా? బ్యాంకు పిన్ను కూడా చెప్పేస్తావేమో!" అంది. ఆవిడ తప్పేం లేదు. మనకి హిప్నటిజం అంటే స్టేజీ మీద మనిషిని రెండు కుర్చీల మధ్య బల్లలా పడుకోబెట్టడం, లేదా సినిమాలో విలన్ గొలుసు గడియారం ఊపడం. వశీకరణ అనే మాటలోనే ఇంకొకరి వశం కావడం ఉంది. ఇంగ్లీషు పేరుదీ అదే గొడవ. 1840ల్లో మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్, నిద్ర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు తయారుచేశాడు. అది నిద్ర కాదని తర్వాత తనే గ్రహించి మార్చాలని చూశాడు గానీ, అప్పటికే పేరు అతుక్కుపోయింది.

నా అనుభవంలో అది నిద్రా కాదు, వశం కావడమూ కాదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. బయట ఆటో హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని వెచ్చదనాన్ని ఊహించమన్నారావిడ, తర్వాత నిదానంగా పారే నీళ్ళని. నాకు మా ఊరి పంటకాలవ గుర్తొచ్చింది. నవల్లో పడి కుక్కర్ విజిళ్ళ లెక్క తప్పుతాం కదా, అంతకు మించిన మైకం కాదది. అందరికీ ఒకేలా పట్టదు కూడా.

ఇది ఉత్త నమ్మకం వ్యవహారం కాదు. 1984లోనే పీటర్ వోర్వెల్ బృందం, మందులకి లొంగని ఐబీఎస్ ఉన్న 30 మంది మీద చేసిన పరీక్షని లాన్సెట్‌లో ప్రచురించింది. హిప్నోథెరపీ తీసుకున్నవాళ్ళకే బాగా నయమైంది. కానీ నా కోపం తగ్గించింది అది కాదు, 1997లో మాంట్రియల్‌లో పియెర్ రెయిన్‌విల్ బృందం చేసిన ప్రయోగం. హిప్నాసిస్‌లో ఉన్నవాళ్ళ చేతిని 47 డిగ్రీల వేడినీళ్ళలో ముంచి, అది ఎంత దుర్భరంగా ఉందన్నదాన్ని మాత్రం మాటలతో పెంచారు, తగ్గించారు. మెదడు స్కాన్లలో, స్పర్శని నమోదుచేసే భాగంలో పెద్దగా తేడా లేదు. దుర్భరత్వంతో ముడిపడిన ఇంకో భాగం మాత్రం మాటలకి తగ్గట్టు మారింది.

తెలుగులో ఈ తేడా ముందే ఉంది. కాలు నొప్పిపెడుతుంది, మనిషి బాధపడతాడు. మాటకి లొంగేదంతా అబద్ధం అనే సూత్రం నేను ఎక్కడ నేర్చుకున్నానో తెలీదు. ఇంటర్వ్యూకి ముందు కడుపులో తిప్పితే, ఆ తిప్పడం అబద్ధమని ఎవరంటారు?

అయినా అమ్మ భయాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేను. హిప్నాసిస్‌లో గుర్తొచ్చినవి నిజమేనన్న గ్యారంటీ లేదు. నిజమన్న ధీమా మాత్రం పెరుగుతుంది. గత జన్మలు చూపిస్తామనేవాళ్ళు బతికేది ఆ ధీమా మీదే. ఇంకోటి, 1845లో బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే సర్జన్, అప్పట్లో మెస్మరిజం అనే పద్ధతితో నొప్పి తెలియకుండా ఆపరేషన్లు మొదలుపెట్టాడు. మొదటి రోగి జైల్లో ఉన్న ఖైదీ. మత్తుమందులు ఇంకా రాని కాలం కాబట్టి అది దయే. కానీ తెల్లదొర ముందు ఆ ఖైదీ సమ్మతికి అర్థమేమిటి? నాకు నచ్చకపోతే కుర్చీలోంచి లేచి వచ్చెయ్యగలను.

మొన్న సెషన్‌కి ముందు ఆవిణ్ణి ఇదే అడిగాను. "ఏ మాట ఎందుకు వాడతానో ముందే చెప్తాను. వద్దనిపిస్తే మానేద్దాం" అన్నారు. తెలిసిపోయాక పనిచేస్తుందా అన్నాను. చేస్తుందన్నారు. ఇప్పటికి ఆరు సెషన్లయ్యాయి. నొప్పి వస్తూనే ఉంది. మీటింగు మధ్యలో లేచి వెళ్ళడం మాత్రం తగ్గింది.