కదలని కుర్చీలో మలుపు

స్వప్నమున పాము కరచుట మిథ్యయే యైనను, దానిని కంటినను జ్ఞానము మేల్కాంచిన పిమ్మటను బాధితము కాదనియు, గీచిన గీతలు నిజమునకు అక్షరములు గాకున్నను వానివలన అక్షరజ్ఞానము కలుగుచునే యున్నదనియు శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున, ఆరంభణాధికరణమునందు, వాదించిరి. అసత్యసాధనము సత్యజ్ఞానము నెట్లు కలిగించునను పూర్వపక్షమునకు అది వారి సమాధానము. ఇంటిలో సిమ్యులేటరు ముందు కూర్చుండి విమానచాలనము నభ్యసించువాని యెడ ఈ వాదమెంతవరకు నిలుచును?

మలుపునే తీసికొందము. సెస్నా 172ను ఎడమకు వాల్చుటకు యోకును త్రిప్పగా, పైకి లేచు కుడిరెక్కపై ఐలరాను క్రిందికి వంగి, పైకెత్తు బలముతోపాటు గాలి నిరోధమును గూడ హెచ్చించును. అందుచే విమానపు ముక్కు కోరిన దిక్కునకు గాక మొదట కుడికి ఈడ్వబడును. దానిని సరిదిద్దుటకు ఎడమకాలితో రడ్డరు పెడలు నొక్కవలెను. చేయియు కాలును ఏకీభవించెనో లేదో చెప్పునది ఎదుట వంపు గాజుగొట్టములోని నల్లని బంతి. అది ఏ ప్రక్కకు జారిన ఆ ప్రక్క పెడలు త్రొక్కుమని శిక్షకుల మాట.

విశేషమేమనగా, బంతి నడుమ నిలిచిన మలుపులో శరీరమునకు వాలు తెలియదు. బరువు పీఠములోనికి తిన్నగానే దిగును. 20 డిగ్రీల వాలులో అది పెరుగుట నూటికి 6 పాళ్లు మాత్రమే. మేఘములలో తిన్నగా పోవుచున్నామని నమ్మి ప్రాణములు గోల్పోయిన చోదకులు కలరు. జ్ఞానము స్వతఃప్రమాణమను మీమాంసకుడు, బాధకము లేనంతవరకే సుమా యని ఇచ్చట తప్పించుకొనును. ఆ బాధకమును చూపుటకే కదా ఎదుట పరికరములున్నవి!

కావున సరియైన మలుపులో విమానపు పీఠమునకును ఇంటి కుర్చీకిని భేదమత్యల్పము. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింకు, తండ్రి ఆర్గను కర్మాగారపు గాలితిత్తులతో నిర్మించిన శిక్షణయంత్రము ప్రక్కలకు వాలెడిది. వాలిన పెట్టెలో మనిషి ఒరగును, సరియైన మలుపులో ఎవడును ఒరగడు గనుక, ఈ విషయమున కదలని కుర్చీయే సత్యమునకు చేరువ. భేదమంతయు తప్పు మలుపులో నున్నది. రడ్డరు మరచినవానిని నిజవిమానము ప్రక్కకు నెట్టును. కుర్చీకి ఆ పట్టింపు లేదు, తెరపై బంతి మూలకు పోయి నిలుచును, అంతియే. మిథ్యాసాధనము ఒప్పును నేర్పగలదు గాని, తప్పును నేర్పుటకే దానికి చేతగాదని నా యభిప్రాయము. ఇంటి యభ్యాసముతో వచ్చిన శిష్యుడు ఆకసమున గూడ బంతినే చూచుచుండునని శిక్షకులు విసుగుకొనుట కలదు. కొందరు దానిపై కాగితము కప్పి, దిగంతరేఖను చూడుమనియు, తక్కినది తుంటికి వదలుమనియు చెప్పుదురు.