ఎండిన పెదవులతో పెట్టే ముద్దు



ఆళ్లగడ్డ వైపు ఒక తల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఎదిగిన కొడుకును పోగొట్టుకున్న మనిషి. "రాత్రి జపమాల అయ్యాక పాటుపడిన స్వరూపాన్ని ముద్దు పెట్టుకోవడం మా అమ్మ నేర్పిన అలవాటు ఫాదర్. ఇప్పుడూ పెట్టుకుంటున్నాను. లోపల మాత్రం ఏమీ లేదు, అంతా ఎండిపోయింది. ప్రేమ కదలకుండా పెట్టే ముద్దు యూదా ముద్దు కాదా?"

ఇది తేలిగ్గా తీసుకోవలసిన ప్రశ్న కాదు. ముద్దు అనేది లోపలి భావం పొంగి బయటకు రావడం అనుకుంటే, భావం లేనిచోట ముద్దు వేషధారణే అవుతుంది. చాలామంది ఇలాగే అనుకుంటారు. అందుకే మనసు బాగోలేని రోజుల్లో ప్రార్థన మానేస్తారు. పైగా దాన్ని నిజాయితీ అంటారు.

అయితే ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. బిడ్డకు జ్వరం. రాత్రి రెండు గంటలు. తల్లికి ఆ ఘడియలో ఉన్నదల్లా నిద్ర, విసుగు. అయినా లేచి నుదుటి మీద చెయ్యి వేస్తుంది, తడిగుడ్డ పెడుతుంది. ఆ చెయ్యి అబద్ధమాడుతున్నదని ఎవరైనా అనగలరా? మన అవ్వలు మనవడి బుగ్గలు పుణికి, తమ కణతల దగ్గర మెటికలు విరుస్తారు. ప్రతిసారీ గుండె పొంగాకే చేస్తారా? చేయగా చేయగా ఆ చేతికి ప్రేమ అలవాటవుతుంది.

పదమూడవ శతాబ్దపు వేదాంతి పునీత తోమాసు అక్వినాసు ఈ సంగతిని చక్కగా విడమరిచారు. మనిషి అంటే శరీరంలో అద్దెకున్న ఆత్మ కాదు; ఆత్మా శరీరమూ కలిసి ఒకే మనిషి. కాబట్టి మోకరించడం, సాగిలపడటం లోపలి భక్తికి గుర్తులు మాత్రమే కావు. మన మనోభావాలను దేవునివైపు కదిలించే సాధనాలు కూడా. ముందు మనసు, తరువాత ఒళ్లు అన్న వరుస ఎప్పుడూ ఉండదు. ఒక్కోసారి ఒళ్లు ముందు నడుస్తుంది, మనసు దాని వెంట ఆలస్యంగా వస్తుంది.

మరి యూదా మాటేమిటి? గ్రీకు సువార్తల్లో ఒక విశేషం ఉంది. పరిసయ్యుని ఇంట యేసుప్రభువు పాదాలను ముద్దాడిన పాపాత్మురాలికి లూకా ఏ క్రియాపదం వాడాడో, తప్పిపోయి తిరిగి వచ్చిన కుమారుణ్ణి ముద్దాడిన తండ్రికీ అదే వాడాడు. తోటలో యూదా పెట్టిన ముద్దుకు మత్తయి, మార్కు వాడినదీ ఆ పదమే. పదం ఒకటే, పెదవుల పని ఒకటే. తేడా భావోద్రేకంలో లేదు. బహుశా యూదాకూ ఆ రాత్రి గుండె గట్టిగానే కొట్టుకుని ఉంటుంది. అతని ముద్దు ఒకటి చెబుతున్నది, చేతులు వేరొకటి చేస్తున్నాయి. పెదవులు 'బోధకుడా' అంటుండగా వెనుక కత్తులు, బడితెలు నిలబడి ఉన్నాయి. అబద్ధం అక్కడుంది. ఆ తల్లి వెనుక ఏ కత్తులూ లేవు. ఉన్నది ఖాళీ మంచం.

పరిసయ్యుడైన సీమోను సంగతి కూడా గమనించండి. ప్రభువును భోజనానికి పిలిచినవాడు, మర్యాద తెలిసినవాడు. అయినా ప్రభువు అతను చేయనివి వరుసగా లెక్కపెట్టాడు: కాళ్లకు నీళ్లివ్వలేదు, ముద్దు పెట్టుకోలేదు, తలకు నూనె రాయలేదు. మనసులో గౌరవం ఉంటే చాలదా అని సీమోను అడిగి ఉంటే ఏం జవాబొచ్చేదో మనం ఊహించుకోవచ్చు.

ఇక విగ్రహారాధన అనే మాట. మన ఇళ్లలోనే సి.ఎస్.ఐ. కోడళ్లు, పెంతెకోస్తు అల్లుళ్లు ఉన్నారు కాబట్టి ఇది పండుగ భోజనాల దగ్గర తప్పకుండా వస్తుంది. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు విన్నవారికి రాయి రాయేనని ఎవరూ నేర్పనక్కరలేదు. 787లో రెండవ నైసియా మహాసభ దీన్ని తేల్చింది: స్వరూపానికి ముద్దు, వందనం చెల్లుతాయి, ఆరాధన దేవునికి మాత్రమే. స్వరూపానికి చేసిన గౌరవం అది చూపించే వ్యక్తికి చేరుతుంది. గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోటోను కళ్లకద్దుకునే ఇల్లాలు కాగితాన్ని పెళ్లాడలేదు గదా!

ముద్దే పెట్టాలన్న నియమమూ లేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు నలుగురిలో ముద్దులాడుకోరు. పాదాలు తాకి కళ్లకద్దుకుంటారు. 1969 ఏప్రిల్ 25న రోము అధికారులు భారతదేశానికి అనుమతించిన పన్నెండు అంశాల్లో ఇదీ ఒకటి: పూజలో వస్తువును ముద్దు పెట్టుకునేచోట వేళ్లతో గాని అరచేతితో గాని తాకి, ఆ చేతిని కళ్లకు లేదా నుదుటికి తాకించవచ్చు. మోకరించడానికి బదులు చేతులు జోడించి వంగి నమస్కరించవచ్చు. ఇవి పరాయి పద్ధతులని అప్పట్లో అలజడి చేసినవారున్నారు. మా అవ్వ చేసినది అవ్వకు తెలియకుండానే రోము ఒప్పుకున్నదన్న సంతోషం నాది.

నన్ను కలవరపెట్టేది ఎండిన హృదయం కాదు, వేరొకటి. పవిత్ర శుక్రవారం నాడు అందరం ఒకే సిలువను, ఒకే పాదాలను ముద్దు పెట్టుకుంటాం. నా ముందు మాలపల్లె మనిషి పెదవులు తాకినచోటే నా పెదవులు తాకాలి. నా వెనుక మాదిగపల్లె బిడ్డ వస్తుంది. గుడి బయటికొచ్చాక అదే మనిషి ఇంట మంచినీళ్లు పుచ్చుకోవడానికి వెనుకాడేవారు, అతని బిడ్డతో తమ బిడ్డ పెళ్లి మాట ఎత్తితే మండిపడేవారు మనలో లేరా? భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో వెలువరించిన దళిత సాధికారత విధానపత్రం అంటరానితనం శ్రీసభలోనూ ఉన్నదని ఒప్పుకుంది. యూదా ముద్దు కోసం వెతికేవారు ఇక్కడ వెతకాలి. కొడుకు పోయిన తల్లి దగ్గర కాదు.

2020లో కరోనా మూలాన పవిత్ర శుక్రవారం సిలువను గురువు ఒక్కడే ముద్దు పెట్టుకోవాలని రోము ఆదేశించింది. ఆ ఏప్రిల్ 10న గుళ్లు మూతపడి, ఎవరి ఇంటి గోడకున్న స్వరూపాన్ని వారే దించి ముద్దు పెట్టుకున్నారు. ఇప్పుడు మళ్లీ వరుసలు వచ్చాయి. ఇష్టమున్నవారు ముద్దు పెట్టుకోండి, లేనివారు తాకి కళ్లకద్దుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు బల్ల మీదే కూర్చోండి. సిలువను మీ దగ్గరికే తెస్తాం. ఉపదేశిగారి చేతిలో తుడిచే గుడ్డ ఉంటుంది. అది అందరికీ ఒకటే గుడ్డ.