పెదవుల మీది కథ

మొన్న సంక్రాంతి వెళ్ళాక శామీర్‌పేటలో మా ఆడపడుచు పక్కింట్లో మల్లన్నకు పట్నం వేస్తున్నారంటే నేనూ వెళ్ళాను. ఆ కరీంనగర్ రోడ్డునే పోయి పక్కకు తిరిగితే కొమురవెల్లి. అందుకే కాబోలు, ఆ చుట్టుపక్కల మల్లన్న కథ తెలియని ఇల్లు లేదు.

పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో నేలంతా ముగ్గు పరిచారు. ఒగ్గుకథ మొదలైంది. ఒగ్గు అంటే చిన్న డమరుకం. దాని పేరే కథకూ వచ్చింది. తండ్రి కథ చెబుతుంటే పెద్దకొడుకు డోలు, చిన్నకొడుకు తాళాలు. బలిజ మేడలమ్మ ఘట్టం రాగానే ఆ పెద్దాయనే కొంగు కప్పుకుని మేడలమ్మ అయిపోయాడు. ఆడవేషమూ మగవాళ్ళదే!

నా చూపు మాత్రం గోడవార కూర్చున్న ఆయన భార్య మీదికి పోయింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఒకచోట ఆయన తడబడితే, మెల్లిగా ఒక మాట అందించింది. ఆయన అందుకుని సాగిపోయాడు. ఎవరూ గమనించలేదు.

తర్వాత పలకరించాను. "కథంత నోటికొస్తదమ్మా. నా బిడ్డకూ వస్తది. చెప్పేది మొగోళ్ళు గదా" అని నవ్వింది. చిన్నకొడుకు మేడ్చల్‌లో ఏదో కంపెనీలో పని చేస్తున్నాడట. సెలవు పెట్టించి మరీ తీసుకొచ్చారు. తాళం వేస్తూ మూడుసార్లు వాచీ చూసుకున్నాడు పాపం.

అక్కరలేనివాడికి కట్టబెట్టి, కావాలనుకునేవాళ్ళకు లేదనడం ధర్మమేనా?

"రాత్రంతా ఊళ్ళు తిరిగే విద్య, ఆడపిల్లకెలా కుదురుతుంది?" అంటారు. నిజమే, కష్టమే. కానీ కష్టమనడం వేరు, హక్కు లేదనడం వేరు. కష్టమైతే సాయం చేస్తాం. హక్కే లేదంటే ఇక మాట్లాడేదేముంది?

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో బ్లూగ్రాస్ అని ఒక సంగీతం ఉంది. బాంజో, ఫిడేలు, మాండొలిన్ కలిపి వాయిస్తారు. బాంజోను మూడు వేళ్ళతో పరుగులెత్తించిన ఎర్ల్ స్క్రగ్స్ 1969లో పాత జతగాడితో విడిపోయి కొడుకులతో బృందం కట్టాడు. తండ్రీ కొడుకుల వాద్యమని లోకం మెచ్చుకుంది. కానీ అంతకుముందు 1950ల నుంచే ఆయన కచేరీల ఒప్పందాలు, లెక్కలు చూసింది ఆయన భార్య లూయీజ్. వేదిక మీద కనిపించకపోయినా వేదికను నిలబెట్టింది ఆవిడే.

అదే దేశంలో మేబెల్ కార్టర్ అనే ఇల్లాలు 1927లో బావగారి బృందంలో గిటారు వాయించింది. ఆ బృందం విడిపోయాక ఇంట్లో కూర్చోలేదు, ముగ్గురు కూతుళ్ళను వెంటబెట్టుకుని తానే బృందం కట్టింది. అంటే కుదరదన్నది దేవుడు రాసిన రాత కాదన్నమాట.

ఒగ్గు పెద్దాయనను నేను తప్పుపట్టను. వాళ్ళ నాన్న ఆయనకు ఒగ్గు ఇచ్చినప్పుడు ఇష్టమా అని అడిగి ఉండడు. ఆ చిన్నకొడుకు తాళాలు వదిలేసినా పితృద్రోహం అనను. తండ్రి రుణం తీర్చడానికి తండ్రి పనే చేయాలనేముంది? నేననేది ఒక్కటే. బలవంతం చేసే ముందు, ఆ ఇంట్లో ఎవరి పెదవులు కదులుతున్నాయో ఒకసారి చూడాలి. కొడుకు వద్దన్నాడని విద్య అంతరించిందని ఏడ్చేవాళ్ళు, గోడవార కూర్చున్న కూతురిని చూడకపోతే ఆ ఏడుపులో నిజమెంత?

ఇంటికొచ్చిన రెండోరోజు మావారు ఎవరో స్నేహితుడికి మేం ఇల్లు కట్టుకున్న కథ చెబుతున్నారు. ఎన్నోసారో లెక్కలేదు. కాఫీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా పెదవులూ కదులుతున్నాయని అప్పుడు తెలిసింది! సిమెంటు కోసం నా గాజులు తాకట్టు పెట్టిన ఘట్టం ఆయన ఎప్పటిలాగే దాటేశారు.

ట్రే బల్ల మీద పెట్టి, నేనూ ఒక కుర్చీ లాక్కున్నాను.

"ఆగండి, ఇక్కణ్ణుంచి నేను చెబుతాను" అన్నాను.