దిగువవారి ఋణము

ఏలూరు, తాడేపల్లిగూడెము సీమలవారు అన్నమునకు కూర్చుండినపుడు కాటను దొరను తలంచుట న్యాయమే. 1833 నాటి కఱవున జనము మాడి చచ్చిన గోదావరి సీమకు, 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ప్రాణము పోసినది. కాని యా యానకట్ట నీటిమట్టమును కొంత యెత్తి కాలువలకు మళ్లించి, మిగిలిన ప్రవాహమును పైనుండి పొరలిపోనిచ్చును. పోలవరపు కట్ట యట్టిది గాదు. అది నదిని నిలిపి వెనుకటి లోయను ముంచునది. ఆ లోయ కోయలది, కొండరెడ్లది.

పెక్కుమంది మేలునకై కొందఱు నష్టపడరాదా యని మనవా రడుగుదురు. అడుగువాడు ఆ కొందఱిలో నున్నట్లు నే నెఱుగను! 2006లో కొల్లేటి చేపలచెఱువుల గట్లను ప్రభుత్వము కొట్టించినపుడు మాత్రము మనకు కొందఱి గోడు వినబడినది. సరస్సు బ్రదుకవలెననుట నిజమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరద ఉప్పుటేటిని జేరుటకు అదియే త్రోవ. ఆ గట్లలో ధనికులవియు కలవు. అయినను ‘మేమెట్లు బ్రదుకుదుము?’ అన్న లంకగ్రామములవారి ప్రశ్నకు శాసనసభ చెవియొగ్గి, అభయారణ్యపు హద్దును ఐదవ కాంటూరునుండి మూడవదానికి తగ్గింపుమని 2008లో తీర్మానించెను.

ఆ ప్రశ్ననే కొండరెడ్డి యడిగిన, రూకలు లెక్కించి చూపుచున్నాము. పట్టాభూమికి వెల గట్టవచ్చును. పోడునకు, ఇప్పచెట్టునకు, ఏటిలోని చేపకు నెవరు గట్టుదురు? వారి కిచ్చునది దయాధర్మమని తలంతుము గాని, అది మన చేలకు పాఱబోవు నీటి వెల. నీటికంటె ముందు చెల్లవలసినది. నీటిప్రాజెక్టులకు సేకరించు భూముల విషయమున, ముంపునకు ఆఱు నెలలు ముందే పునరావాసము ముగియవలెనని 2013 నాటి భూసేకరణ చట్టమును విధించినది.